ఉద్దిష్టం, నష్టం - ఒక సౌండు కార్డు కథ



మొన్న ఆదివారంనాడు మా మేనల్లుడు హైదరాబాదునుండి ఫోను చేసి, "మామయ్యా! కంప్యూటరులో పాటలు వినడానికి మంచి సౌండు కార్డు కొందామనుకుంటున్నాను. ఏది కొనమంటావు?" అని అడిగాడు. ఒక్క వాక్యంలో చెప్పదగిన సమాధానమే. కానీ ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పంతులుగా బ్రతికినవాణ్ణి. ముందు అవతారిక, తరువాత ప్రతిపదార్థం, ఆపైన తాత్పర్యం, చివర విశేషాంశాలు చెప్పందే నాకు పాఠం చెప్పినట్టుండదు. వాడు పది నిముషాలు ఓపికగా విని, "మామయ్యా, మీటింగుంది" అని పెట్టేశాడు. వాడు వినకుండా వదిలేసిన భాగాన్ని మీకు వినిపిస్తున్నాను. మీకే మీటింగులూ లేవని నా నమ్మకం!

ముందుగా నామకరణం. సౌండు కార్డును తెలుగులో ఏమనాలి? "ధ్వనిపత్రం" అంటే పెళ్ళి శుభలేఖలా ఉంది. "శబ్దఫలకం" అందామంటే, వ్యాకరణం చదువుకున్నవాడికి శబ్దమనగానే రామశబ్దం, హరిశబ్దం గుర్తుకు వస్తాయి. నేను "నాదఫలకం" అని వాడుకుంటున్నాను. రుచించనివారు సౌండు కార్డు అనే చదువుకోవచ్చు. వినిపించే పాటలో తేడా రాదు.

పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో నాదం రెండు విధాలన్నాడు. తాకిడివల్ల పుట్టేది ఆహతం. తాకిడి లేకుండానే ఉండేది, యోగులకు మాత్రమే అందేది అనాహతం. మన కాలంలో మూడవది ఒకటి వచ్చి చేరింది. అది అంకెల రూపంలో మౌనంగా పడి ఉంటుంది. ఎవరైనా మీట నొక్కితే ఆహతమై బయటికి వస్తుంది. ఆ అంకెలకూ ఈ గాలికీ మధ్య నిలబడిన దుబాసీయే మన నాదఫలకం.

ఆ దుబాసీ చేసే పని భాషాప్రవీణ చదివినవారికి కొత్తదేమీ కాదు. రెండువేల ఏళ్ళకు పైబడిన పింగళుని ఛందశ్శాస్త్రంలోనే దాని పోలిక ఉంది. లఘువు, గురువు అనే రెండే రెండు గుర్తులతో ఎన్ని వృత్తాలు పుడతాయో వరుసగా రాసుకుంటూ పోవడాన్ని ప్రస్తారమంటారు. వృత్తం తెలిసి, ప్రస్తారంలో అది ఎన్నవదో కనుక్కోవడం ఉద్దిష్టం. సంఖ్య మాత్రమే తెలిసి, ఆ సంఖ్యగల వృత్తస్వరూపాన్ని తిరిగి నిర్మించుకోవడం నష్టం (నష్టమంటే ఇక్కడ కనబడకుండా పోయినది అని). ఉదాహరణకు, ఉత్పలమాల ఇరవై అక్షరాల కృతిచ్ఛందంలో 3,55,799వ వృత్తం. భ ర న భ భ ర వ అని గణాలు తెలిస్తే ఈ సంఖ్య వస్తుంది; ఈ సంఖ్య తెలిస్తే ఆ గణాలే తిరిగి వస్తాయి. నమ్మకం లేనివారు కాగితమూ కలమూ తీసుకుని లెక్క చూసుకోవచ్చు.

కంప్యూటరు చేసేది సరిగ్గా ఇదే. లఘుగురువుల స్థానంలో సున్నా, ఒకటి. పాట గాలిలో ఒక అల. ఆ అల ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక్కొక్క సంఖ్యగా రాసుకోవడం రికార్డింగు. అది ఉద్దిష్టం. ఆ సంఖ్యల వరుసనుండి మళ్ళీ అలను నిర్మించి స్పీకరుకు అందించడం వినికిడి. అది నష్టం. సౌండు కార్డులో ఈ రెండు పనులకూ రెండు యంత్రాంగాలు ఉంటాయి. ఏ కార్డు మంచిదన్న ప్రశ్నకు అర్థం ఇంతే: ఉద్దిష్టంలో తప్పు రాయకూడదు, నష్టంలో తప్పు చదవకూడదు.

ఇక చరిత్రలోకి వద్దాం.

మనిషి గొంతును పట్టి ఉంచి తిరిగి వినిపించిన మొదటి యంత్రం 1877లో ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫు. తగరపు రేకు మీద సూదితో గాడి గీయడం దాని పద్ధతి. 1887లో ఎమిలీ బెర్లినర్ గుండ్రటి పళ్ళేన్ని ముందుకు తెచ్చి గ్రామఫోను అన్నాడు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. మూడు నిముషాల పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో ప్రకటించేది. ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. ఈ పద్ధతిలో గాడి ఆకారమే అల ఆకారం. మధ్యలో అంకెలు లేవు. అయితే గాడి అరిగిపోతుంది. విన్నకొద్దీ తరుగుతుంది. ప్రేమించినకొద్దీ నశించే వస్తువది.

అంకెల్లో రాసుకుంటే అరుగుదల ఉండదన్న ఆలోచన టెలిఫోను మనుషులది. 1937లో పారిస్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయుడు, దూరం వెళ్ళేకొద్దీ తీగలో పెరిగే రొదను జయించడానికి మాటను సంఖ్యలుగా మార్చి పంపే ఉపాయం కనిపెట్టాడు. దానిని ఆచరణలో పెట్టగల పరికరాలు అప్పటికి లేవు. అలలోని అత్యధిక కంపన సంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలిస్తే చాలు, అలను లోపం లేకుండా తిరిగి నిర్మించవచ్చునన్న సిద్ధాంతాన్ని 1928లో నైక్విస్ట్ సూచించగా 1949లో షానన్ గణితంతో నిలబెట్టాడు. మనిషి చెవికి సెకనుకు 20 నుండి 20,000 కంపనాల వరకు వినబడతాయి. కాబట్టి సెకనుకు నలభైవేలకు పైబడి కొలవాలి.

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల సీడీ జపానులో అమ్మకానికి వచ్చింది. దానిలో సెకనుకు 44,100 కొలతలు. నలభైవేలకు పైన ఎన్నైనా పెట్టుకోవచ్చు గదా, ఈ 44,100 ఎక్కడిది? తొలిరోజుల్లో అంకెల పాటను దాచడానికి వీడియో టేపులు వాడారు. అమెరికా పద్ధతి వీడియోలో సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి వాడుకోదగిన 245 గీతలు, గీతకు మూడు కొలతలు. హెచ్చవేస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రాలు, 294 గీతలు, గీతకు మూడు. అదీ 44,100! బొమ్మల కోసం పుట్టిన టేపు పాటల ఛందస్సును నిర్ణయించింది. ఒక్కొక్క కొలతకు 16 అక్షరాలు. పదహారక్షరాల ఛందస్సుకు మనవాళ్ళు పెట్టిన పేరు అష్టి; దాని ప్రస్తారంలో 65,536 వృత్తాలు. అంటే అల ఎత్తును 65,536 మెట్లలో కొలుస్తారన్నమాట.

సీడీకి ఏడాది ముందు, 1981 ఆగస్టులో, ఐబీఎం పీసీ పుట్టింది. దాని గొంతు సంగతి చెబితే జాలి వేస్తుంది. ఉన్న చిన్న స్పీకరులో ఒక్కసారికి ఒక్క స్వరం, అదీ ఒకే హెచ్చులో. ఆఫీసు పనికి పుట్టిన యంత్రానికి గొంతెందుకన్నారు కాబోలు. తప్పు చేస్తే బీప్ అని మందలించడానికి మాత్రం సరిపోయింది. బడిలో బెత్తమంత సంగీతం!

ఆ యంత్రానికి పాట నేర్పినవాడు ఒక పంతులుగారు. ఈ సంగతి చదివిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కెనడాలోని క్విబెక్ నగరంలో లావల్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడుగా పనిచేసిన మార్టిన్ ప్రెవెల్ స్థాపించిన యాడ్‌లిబ్ సంస్థ 1987లో ఒక కార్డును విడుదల చేసింది. అందులో యమహావారి చిప్పు ఒకటి. తొమ్మిది స్వరాలను ఏకకాలంలో పలికించగలదు. ఆ చిప్పు పనితీరుకు మూలం జాన్ చౌనింగ్ అనే స్వరకర్త 1967లో స్టాన్‌ఫర్డ్‌లో గుర్తించిన విశేషం. ఒక స్వరాన్ని మరొక స్వరంతో వేగంగా కదిలిస్తే, అంటే మన గమకాన్ని వినికిడి వేగానికి పెంచితే, అది కంపితంలా కాక కొత్త వాద్యపు గొంతులా వినబడుతుంది. గమకం ముదిరితే కొత్త నాదం పుడుతుందన్నమాట. యాడ్‌లిబ్ కార్డుకు స్వరం ఉంది కానీ జ్ఞాపకం లేదు. గంటలూ బాకాలూ అనుకరించగలదు గానీ, రికార్డు చేసిన మనిషి గొంతును వినిపించడం దాని పని కాదు.

ఆ లోపాన్ని పూరించినవాడు సింగపూరుకు చెందిన సిమ్ వాంగ్ హూ. హార్మోనికా అంటే ప్రాణమైన పాలిటెక్నిక్ విద్యార్థి. 1981లో క్రియేటివ్ అన్న పేరుతో కంప్యూటర్ల మరమ్మతు దుకాణంతో మొదలుపెట్టాడు. 1989లో ఆయన సంస్థ తెచ్చిన సౌండ్ బ్లాస్టరులో యాడ్‌లిబ్‌లో ఉన్న చిప్పే ఉంది. దానికి తోడు రికార్డు చేసిన గొంతును వినిపించే యంత్రాంగం కూడా ఉంది. ఎనిమిదక్షరాల కొలత, అనుష్టుప్పు, 256 మెట్లే. గొంతు గరగరలాడేది. అయినా పీసీ మాట్లాడింది. 1992లో ఆ సంస్థే సౌండ్ బ్లాస్టర్ 16 తెచ్చింది. అనుష్టుప్పు పోయి అష్టి వచ్చింది, కొలతలు 44,100. సీడీ లెక్క ఇంటి కంప్యూటరుకు చేరింది. అదే ఏడాది యాడ్‌లిబ్ దివాలా తీసింది. పంతుళ్ళ వ్యాపారాలు సాధారణంగా ఇలాగే ముగుస్తాయి.

మెట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఒక్కొక్క అక్షరం పెరిగితే, వినబడే అతి పెద్ద ధ్వనికీ అడుగున మిగిలిపోయే రొదకూ మధ్య దూరం సుమారు ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది. ఎనిమిదక్షరాలకు 48, పదహారుకు 96. డాల్బీ లేని మామూలు కాసెట్టుకు 50, 55. కాబట్టి సీడీ అంకెలు మన ఇళ్ళల్లో ఉన్న కాసెట్టును అవలీలగా మింగగలవు. ఇది గుర్తుంచుకోండి, నా కథలో అక్కరకు వస్తుంది.

1995 జూలైలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు తాము రూపొందించిన కుదింపు విధానానికి "ఎంపీ3" అన్న తోకను ఖాయం చేశారు. పెద్ద ధ్వని పక్కన చిన్న ధ్వని చెవికి ఆనదు గనుక దానిని వదిలేయడం దాని సూత్రం. సీడీలో సెకనుకు 14,11,200 లఘుగురువులుంటే, అందరూ వాడిన 128 వేల ఎంపీ3లో దాదాపు పదకొండవ వంతు. ఇంటింటా కంప్యూటరే పాటలపెట్టె అయింది. సౌండు కార్డు ఆటబొమ్మ హోదానుండి ఇంటి గాయకుని హోదాకు ఎదిగింది.

1998లో సౌండ్ బ్లాస్టర్ లైవ్ వచ్చింది. ఆటలాడేవారికి అది పండుగ. పాటలు వినేవారిలో మాత్రం పెదవి విరిచినవారున్నారు. దానిలోని చిప్పు అన్నిటినీ సెకనుకు 48,000 కొలతలకు మార్చి పనిచేస్తుంది. సీడీ పాట 44,100. ఆ రెంటి నిష్పత్తి 147కు 160. అంటే 147 అక్షరాల పాదాన్ని 160 అక్షరాలకు సాగదీసి చదవాలి. ఇది చక్కగా చేసే పద్ధతులున్నాయి. చౌకగా చేస్తే స్వరం మసకబారుతుంది. అందుకే శ్రోతలు కొందరు, రికార్డింగువారి కోసం చేసిన ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 వంటి కార్డుల వైపు మళ్ళారు. వాటిలో ఆటల హంగులు లేవు. వచ్చిన అంకెను వచ్చినట్లు చదవడమొక్కటే వాటి విద్య. 2005లో వచ్చిన క్రియేటివ్ వారి ఎక్స్-ఫైలో ఈ మార్పిడిని శ్రద్ధగా చేసే ఏర్పాటు పెట్టారు.

ఈలోగా మరొక ప్రవాహం కింద నుంచి వచ్చింది. 1997లో ఇంటెల్ ఏసీ 97 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. కార్డే అవసరం లేకుండా మదర్‌బోర్డు మీదనే చిన్న చిప్పు. 2004లో హెచ్‌డీ ఆడియో అనే మెరుగైన ప్రమాణం వచ్చింది.

సరిగ్గా ఆ 2004లోనే నేను మొదటి కంప్యూటరు కొన్నాను. ఇక్కడినుండి నా అపరాధం మొదలవుతుంది.

మా గురువుగారు కృష్ణాతీరంలో ఒక ప్రాచ్య కళాశాలలో మాకు భారతం చెప్పారు. పద్యం చదవడంలో ఆయనదొక దారి. రాగం అతి తక్కువ. అర్థం విరిగేచోట మాత్రమే విరుపు. పాదం చివర గొంతు పైకి లేచి, మరుపాదం మొదట నెమ్మదిగా దిగేది. 1987 వేసవిలో నలుగురు శిష్యులం కలిసి ఒక టూ-ఇన్-వన్ అరువు తెచ్చి, ఆయన ఇంటి వసారాలో రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి, తిక్కనగారి ఉద్యోగపర్వంనుండి ఘట్టాలు చదివించాం. నాలుగు సీ-90 కాసెట్లు. ఆరు గంటల పద్యం. 1996లో ఆయన స్వర్గస్థులయ్యారు. కాసెట్లు నా దగ్గర ఉండిపోయాయి. వానకాలం వస్తే బూజు పట్టేవి. అంకెల్లోకి ఎక్కిస్తే శాశ్వతమని చదివి, కంప్యూటరు కొన్నదే అందుకోసం.

దుకాణంలో కుర్రవాణ్ణి మంచి సౌండు కార్డు వెయ్యమన్నాను. "మాస్టారూ, మదర్‌బోర్డులోనే సౌండు ఉందండీ. ఇంక కార్డెందుకు, దండగ!" అన్నాడు. అతడి మాటలో అబద్ధం లేదు. ఆదా అయిన డబ్బుతో రెండు ప్లాస్టిక్ స్పీకర్లు కొని ఇంటికి వచ్చాను.

కంప్యూటరు వెనుక మూడు రంధ్రాలు. ఆకుపచ్చ స్పీకరుకు, లేత నీలం లైన్-ఇన్, గులాబీ మైకు. కాసెట్టు ప్లేయరునుండి వచ్చే తీగను నీలంలో పెట్టాలి. నేను గులాబీలో పెట్టాను. ఆయన మాట గదా, మాటకు మైకే కదా అనుకున్నాను! మైకునుండి వచ్చే విద్యుత్తు అత్యల్పం గనుక ఆ రంధ్రం వెనుక దానిని ఎన్నో రెట్లు పెంచే ఏర్పాటుంటుంది. అప్పటికే తగినంత పెద్దదైన కాసెట్టు ధ్వనిని అక్కడ పెడితే, అల ఎత్తు పై మెట్టును దాటిపోతుంది. దాటినదానికి సంఖ్య లేదు. 65,536 మెట్లలో చివరి మెట్టు ఏదో అదే మళ్ళీమళ్ళీ రాయబడుతుంది. అల శిఖరాలన్నీ ఒకే ఎత్తున నరికివేయబడతాయి. ఉద్దిష్టం తప్పింది.

నాకది తెలియలేదు. ఎందుకు తెలియలేదంటే, నా ప్లాస్టిక్ స్పీకర్లు ఏ పాట పెట్టినా అలాగే గరగరలాడేవి. వినే సాధనం చెడ్డదైతే రాసిన తప్పు కనబడదు. మసకబారిన కళ్ళద్దాలతో ప్రూఫులు దిద్దినట్లు, అంతా బాగుందని సంతకం పెట్టాను. పైగా చోటు కలిసి వస్తుందని ఎంపీ3లోకి కుదించాను. గురువుగారు ఇక భద్రమని ధైర్యం తెచ్చుకుని, ఇల్లు మారేటప్పుడు మూడు కాసెట్లను పాతసామానులో వేసేశాను. నాలుగవది అంతకుముందే గురువుగారి అమ్మాయి వినాలని తీసుకువెళ్ళింది. అది ఒక్కటి నా తెలివికి అందకుండా బ్రతికిపోయింది.

2011లో ఆమె మా ఇంటికి వచ్చింది. మా అబ్బాయి కొన్న మంచి హెడ్‌ఫోను పెట్టి గురువుగారి పద్యం వినిపించాను. రెండు పద్యాలు విని, తీసి పక్కన పెట్టింది. "అన్నయ్యా, నాన్నగారి గొంతు పైకి లేచిన చోటల్లా చీలిపోతోందేమిటి? ఆయన అలా చదివేవారు కాదు గదా" అంది. నేను పెట్టుకుని విన్నాను. పాదం చివర, ఆయన గొంతు లేచే చోటల్లా, ఆయన విద్య అంతా ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడల్లా, రేకు చిరిగిన చప్పుడు. మెల్లగా చదివిన చోట్లన్నీ బాగున్నాయి. పండిత కంఠానికి ప్రత్యేకమైనదేదో అది మాత్రమే పోయింది.

మార్గాంతరం కోసం చాలా వెతికాను. చీలికలను అతికే ప్రోగ్రాములున్నాయి. అవి ఊహించి పూరిస్తాయి. శిథిల ప్రతిలో పోయిన అక్షరాలను పరిష్కర్త తన ఊహతో పూరించినట్టే. అది పరిష్కర్త కవిత్వం అవుతుంది గాని కవిది కాదు. శాస్త్రంలోని నష్టం సంఖ్యనుండి స్వరూపాన్ని తిరిగి ఇస్తుంది. కానీ ఆ సంఖ్యే తప్పు రాసుకున్నవాడికి మిగిలేది లోకంలో అందరూ అనే నష్టమే.

ఆ తరువాతే నేను ఈ విద్యను శ్రద్ధగా చదివాను. 2012లో ఒక బయటి యూఎస్‌బీ పెట్టె కొన్నాను. లైన్-ఇన్ ఉంది, 24 అక్షరాల కొలత ఉంది. ఇరవైనాలుగక్షరాల ఛందస్సు పేరు సంకృతి, ప్రస్తారం 1,67,77,216. వినడానికి ఇన్ని మెట్లు అక్కరలేదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు బోస్టన్ ప్రాంతపు పరిశీలకులు, ఎక్కువ మెట్లున్న రికార్డింగును వినిపిస్తూ మధ్యలో రహస్యంగా సీడీ లెక్కకు మార్చి చూశారు. మామూలు స్థాయిలో వింటున్న శ్రోతలు తేడా పట్టలేకపోయారు. కానీ రాసేటప్పుడు సంకృతి మేలు చేస్తుంది. ధ్వనిని కావాలని తగ్గించి పెట్టుకున్నా మెట్లకు కొదవ ఉండదు. గొంతు ఎంత లేచినా తల తగలదు. పందిరి ఎత్తుగా వేసుకోవడమంటే ఇదే.

నాలుగవ కాసెట్టును అలా ఎక్కించాను. ఆరు గంటల్లో గంటన్నర దక్కింది. ఏదీ వదలని కుదింపుతో, 2001లో పుట్టిన ఫ్లాక్ అనే పద్ధతిలో దాచాను. అది సంఖ్యలను మడతపెడుతుంది గాని ఒక్క సంఖ్యను కూడా వదలదు. విప్పితే మొదటి అంకెలే వస్తాయి. మూడు చోట్ల మూడు ప్రతులుంచాను, ఒకటి గురువుగారి అమ్మాయి ఇంట్లో. అందులో గొంతు లేచిన చోట లేచినట్టే ఉంది. పుట తిప్పిన చప్పుడు, వసారాలో కాకి, ఎవరో మంచినీళ్ళు తెచ్చి పెట్టిన చెంబు చప్పుడు, పద్యానికీ పద్యానికీ మధ్య ఆయన ఊపిరి. మిగిలిన నాలుగున్నర గంటలు చీలిన గొంతుతోనే ఉన్నాయి. వాటినీ చెరపలేదు. నా తప్పుకు సాక్ష్యంగా ఉండనీ అని.

చరిత్రలో మిగిలిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో ధ్వని వ్యవస్థను తిరగరాశారు. ఆటల ధ్వనిని కార్డు చిప్పుకు నేరుగా అప్పజెప్పే పాత దారి మూసుకుపోయింది. ఖరీదైన కార్డు గొప్పతనంలో సగం దానితో పోయింది. మదర్‌బోర్డు చిప్పులు నానాటికీ మెరుగయ్యాయి. యూఎస్‌బీ ద్వారా ధ్వనిని పంపే ప్రమాణం 1998నాటిదే. దాని రెండవ కూర్పు తరువాత వచ్చింది. దుబాసీ పెట్టె లోపలినుండి బయటికి నడిచాడు. 2016లో ఐఫోనుకు హెడ్‌ఫోను రంధ్రం తీసేసి చిన్న తీగముక్క ఇచ్చినప్పుడు, ఆ తీగ కొసలో దాగి ఉన్నదీ నష్టం చేసే చిన్న యంత్రాంగమే. ఒకనాడు చేటంత ఉన్న కార్డు చింతగింజంత అయింది. సిమ్ వాంగ్ హూ 2023 జనవరిలో కాలధర్మం చెందాడు. ఆ వార్త చదివి కాసేపు కంప్యూటరు కట్టేసి కూర్చున్నాను.

ఇక మేనల్లుడికి చెప్పవలసిన తాత్పర్యం.

నాయనా, నువ్వు వినడానికే అయితే ముందు హెడ్‌ఫోనుకో స్పీకర్లకో ఎక్కువ డబ్బు పెట్టు. కార్డులో ఉండే తేడా కంటే వాటిలో ఉండే తేడా నాలుగింతలు వినబడుతుంది. తరువాత, పాట ఏమీ పెట్టకుండా ధ్వని పెంచి నిశ్శబ్దాన్ని విను. మౌసు కదిపినప్పుడల్లా కీచుమంటే, కంప్యూటరు లోపలి విద్యుత్తు రొద పాటలోకి జొరబడుతోందని అర్థం. అప్పుడు లోపలి కార్డు కన్నా దూరంగా పెట్టుకునే యూఎస్‌బీ పెట్టె మేలు. ఎడతెగని గుమ్మనే శబ్దం ఉంటే అది కార్డు దోషం కాకపోవచ్చు. రెండు పరికరాలు రెండు ప్లగ్గులనుండి వేర్వేరు ఎర్తులు తీసుకుంటున్నాయేమో చూడు. నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంటే, ఉన్నదానితోనే హాయిగా విను; దుకాణం కుర్రవాడి మాటే నిజం. పెట్టె మీద వేసిన పెద్దపెద్ద అంకెలను చూసి మోసపోకు. సీడీ లెక్కను తప్పు లేకుండా చదివితే చాలు. ఆ పైవన్నీ వినడానికి నాకు వయసు లేదు, నీకు అవసరం లేదు.

కానీ ఇంట్లో పాత కాసెట్టు ఏదైనా ఉంటే, మీ నాయనమ్మ మంగళహారతో, తాతగారి కబుర్లో, అప్పుడు మాత్రం లైన్-ఇన్ ఉన్న పెట్టె కొను. నేటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ నీలపు రంధ్రం లేదు. 24 అక్షరాల కొలత పెట్టు. ధ్వని సూచిక ఎర్రగీతను ఎప్పుడూ తాకనీయకు. ఎక్కించినదాన్ని మంచి హెడ్‌ఫోనులో, ఆ గొంతును బాగా ఎరిగినవారి చేత వినిపించు. వారు బాగుందన్న తరువాత కూడా కాసెట్టును పారేయకు.

ఈ చివరి వాక్యం కోసమే ఇంత కథ చెప్పాను.

స్వస్తి.